శ్లాబు రోజు గుమ్మడికాయ

రాజోలు శివారులో ప్రసన్నకుమారి కొత్త ఇంటికి రెండో శ్లాబు వేస్తున్నారు. ఎదురుగా లోవమ్మ ఇల్లు పునాదితోనే ఆగిపోయింది. ఇనుము ధర పెరిగాక ఆమె మళ్లీ పని మొదలుపెట్టలేదు; ఆ పునాది పక్కనే పాకలో ఉంటోంది.

లోవమ్మ బూడిద గుమ్మడికాయ పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది.

“దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టించండి.”

ప్రసన్నకుమారి నవ్వింది. “మేం చర్చికెళ్లేవాళ్లం కదండీ లోవమ్మగారూ! మాకు దిష్టీ గిష్టీ పట్టింపు లేదండీ. అయినా మా ఇల్లు చూసి ఏడ్చేవాళ్లెవరండీ?”

“నేనేనండీ.”

ప్రసన్నకుమారి నవ్వు ఆగిపోయింది.

“మీ గోడలు లేస్తుంటే నాకు నిద్ర పట్టేది కాదండీ. ఈ ఇల్లు కూలిపోతే బాగుణ్ణని చాలాసార్లు అనుకున్నానండీ. ఇవాళ మాత్రం కూలకూడదండీ.”

“ఇవాళేంటండీ?”

లోవమ్మ పైకి చూసింది. “పనోళ్లు సగం మంది గల్ఫ్ వెళ్లిపోయేరు కదండీ. మనుషులు చాలక మీ మేస్త్రి పొద్దున్నే మా ఇంటికొచ్చేడు. మా ఆయన మీ సెంట్రింగు మీదున్నారండీ.”

ప్రసన్నకుమారి గుమ్మడికాయను రెండు చేతులా అందుకుంది.

“మేస్త్రిగారూ, కాంక్రీటు ఆపండి!” అని పైకి కేకేసింది. “ముందు ఓ తాడు తెండి.”