తలుపు బయటి బల్ల

దాలమ్మ సంచీలో ముందు మొగుడి బట్టలు పెట్టింది. రెండు పంచెలు, ఒక తువ్వాలు, చలేస్తే కప్పుకోడానికి దుప్పటి. తనకి ఒకే ఒక్క చీర. అక్కడ తనకి బట్టలతో పనేముంది?

చూరులో చుట్టల కట్ట అలాగే ఉంది. దాని వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

పక్కింటి గున్నమ్మ వచ్చి గడపలో కూలబడింది. "ఏటొదినా, చుట్ట నిప్పుకొస నోట్లో ఎట్టుకోకపోతే నీకు పొద్దు గడవదు గదా. నెల్లాళ్ళయి ముట్టనేదు. అన్న కోసం మొక్కేటి?"

దాలమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. ఊళ్ళో ఎవరికీ సంగతి విప్పి చెప్పలేదు.

"మొక్కుకో, మొక్కుకో. అన్నని సూస్తే నాకే బెంగగా ఉన్నాది. కట్టెలాగయిపోనాడు."

నిజమే. విశాఖ ఆస్పత్రిలో ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసిన దగ్గర్నుంచి జగన్నాధానికి నిద్ర లేదు. ఉడుపుల కాలం. మడుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. అయినా గట్టుమీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంటాడు. ఇంట్లో మూడుపూటలా అంబలే. దాలమ్మ చల్లార్చుకుని గుక్కగుక్కగా తాగుతుంటే, అతను ముంత ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంటాడు.

కోటబొమ్మాళి స్టేషన్లో రైలెక్కుతుంటే అతని కాలు మెట్టుమీంచి జారింది. దాలమ్మ రెక్క పుచ్చుకుని లోపలికి లాగింది.

"దాలీ, ఎనక్కి పోదుమే. కోతంటే మాటలా?"

"మత్తిస్తారు మావా. నిద్దరోయినట్టే ఉంటాదట."

"నిద్దర్లోంచి లెగకపోతే?"

దాలమ్మ అతని అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. చెమటతో చల్లగా ఉంది.

"పెళ్ళినాడూ ఇలాగే వణికినావు. మూడోముడి నా జుత్తుకేసీసినావు."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరు నరసింగరావు జగన్నాధం మణికట్టు పట్టుకుని మొహం చిట్లించాడు. "ఏమిటయ్యా ఈ నాడి? వెనక ఎవరో తరుముతున్నట్టుంది."

"బాబూ, బయానికి మందు నేదా?" అంది దాలమ్మ.

"భయం గుండెలో పుట్టదమ్మా, మెదడులో పుడుతుంది. కత్తి మాట వినగానే అక్కణ్ణించి కిందికి కబురు పోతుంది. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. అవి రక్తంలోకి ఒక రసం వదుల్తాయి. పులి ఎదురైతే పరిగెత్తడానికి పనికొచ్చే రసం అది. రోజుల తరబడి ఊరిందంటే మనిషినే తినేస్తుంది. కత్తి ఎంత దూరంలో ఉందో దానికి తెలీదు."

ఒక మాత్ర తీసి జగన్నాధం చేతిలో పెట్టాడు. పడుకోబోయేముందు వేసుకుంటే దడ తగ్గుతుందన్నాడు. పొద్దున్నే ఆపరేషన్, ఈ రాత్రికి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టకూడదని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

ఇద్దరూ ముట్టలేదు.

"మాత్రయినా మింగు మావా."

"నీల్లు నేకుండా ఎలాగ మింగుతానే? గంగ ముట్టొద్దన్నారు గదా. నేమం తప్పితే కీడవుతాది."

మాత్రని పంచె మొలలో భద్రంగా దోపుకున్నాడు. ఆ నిష్ఠ చూసి దాలమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. దీపాలార్పేశాక కూడా అతని గుండె చప్పుడు ఆమెకి వినిపిస్తూనే ఉంది.

తెల్లారింది. చక్రాల బండి వచ్చింది. నర్సు వాళ్ళ చేతులు విడదీసింది.

"వదలండి. డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు."

"బయపడకు మావా," అంది దాలమ్మ. "బేగి ఇంటికి పోదుం."

ఇద్దరి మధ్యా తలుపు మూసుకుంది.

అంగిట్లో పుండు కోయించుకున్న దాలమ్మ మూడు వారాలకి సంచీ పట్టుకుని కోటబొమ్మాళిలో దిగింది. మొలలో మాత్ర మొలలోనే ఉండగా తలుపు బయటి బల్లమీద గుండె ఆగి పక్కకి ఒరిగిపోయిన జగన్నాధం, పందొమ్మిది వందల అరవై ఎనిమిది శ్రావణంలో ఆ బుధవారం పొద్దున్నించి, మరి తిరిగి రాలేదు.