చాలా చేతుల చక్కెర

పోయినవాళ్ళు మనల్ని వదలరా, మనమే వాళ్ళను వదలమా? దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా ఏళ్ళుగా నన్ను తొలిచే సందేహం ఇది.

నా భార్య ప్రయోగశాలలో ఆముదపు గింజల విషానికి విరుగుడు వెతికేది. నేను అక్కడే గాజుసామాను కడుగుతాను.

"ఈ విషానికి చక్కెరంటే ఇష్టమండీ. కానీ ఒక్క చక్కెర చెయ్యి పట్టుకుంటే విదిలించుకుపోతుంది. అందుకే ఒకే అణువుకు చాలా చక్కెర చేతులు అతికిస్తున్నా," అనేది.

"మరి నన్ను రెండు చేతులతోనే పట్టేశావే!"

"మీరు విషమా ఏంటి? ఆముదం తాగిన మొహం, అంతే!"

ఆమె పోయాక కూడా అక్కడ గాజుసామాను కడగడం మానలేదు నేను. నిన్న రాత్రి ప్రయోగశాలలో లైటు ఆర్పగానే భుజం మీద చెయ్యి పడింది. ఎరిగిన చెయ్యే, వేలి మీది ఆసిడ్ మచ్చ గరుకుగా తగిలింది. రెండో చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది. అప్పుడు, వీపు మీద నెమ్మదిగా మూడోది ఆనింది.

దేవుడి పేరు నాలుక దాకా వచ్చింది. పలికితే వెళ్ళిపోతుందేమోనని మింగేశాను.

ఆసుపత్రిలో ఆమె ఆఖరి సాయంత్రం, "ఇంకాసేపు కూర్చోండి," అంది. నర్సు కూర్చోనివ్వలేదు. ఆ కాసేపు ఆమెకు బాకీ పడిపోయాను.

చీకట్లోనే స్టూలు లాక్కుని కూర్చున్నాను.