నాలుగు తుప్పు బోల్టులు

"మీరే! ఎర్రటి ఎండలో నలభై మందిని గుట్ట ఎక్కించింది మీరే! కాజాలు కుట్టే పెద్దమ్మ ఇవాళ ఆసుపత్రిలో పడి ఉందంటే అది మీ నిర్వాకమే!"

షెడ్డు రేకులు అదిరాయి. కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మైకక్క అంటారు. మైకు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ గొంతుకు తేడా ఉండదు. వెనకాల ఇరవై మంది కుట్టుపనివాళ్ళు. ఎదురుగా మేనేజరు, ఆయన పక్కన బస్సు బాగుచేసే మేస్త్రి. మేస్త్రి చూపు నేల మీది నూనె మరక దాటి పైకి రాలేదు.

నిన్న ఫ్యాక్టరీ బస్సు గుట్ట ఎక్కుతూ కుతకుత ఉడికి ఆగిపోయింది. అందరూ దిగి నడిచారు. పెద్దమ్మ సగం దారిలో కళ్ళు తిరిగి పడిపోయింది.

"ఇంజను వేడెక్కుతోందని నెల రోజులుగా మొత్తుకుంటున్నాం. ఏం చేశావు బాబాయ్?"

"థర్మోస్టాట్ మార్చానమ్మా," అన్నాడు మేస్త్రి.

"మా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పు."

"ఇంజను నీళ్ళకు అదొక తలుపు. ఎనభై రెండు డిగ్రీలకు తెరుచుకుని, వేడి నీళ్ళను చల్లారడానికి రేడియేటర్‌కు పంపుతుంది. డెబ్భై ఒకటికే తెరుచుకునేది వేశాను, ఇంజను చల్లగా ఉంటుందని. షెడ్డు చుట్టూ తిప్పి చూశాను. వేడి చూపే ముల్లు దిగింది."

"షెడ్డు చుట్టూ తిప్పావా! మా ఫ్యాక్టరీ షెడ్డు చుట్టూ ఉందా, గుట్ట మీద ఉందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"పాతది చెడిపోయిందా?"

"చెడిపోయిందనే అనుకున్నా."

"అనుకుంటే సరిపోతుందా? ఇక్కడే తేల్చు. మా కళ్ళ ముందు."

టీ గిన్నె నిండా నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టారు. మేస్త్రి పాత థర్మోస్టాట్‌ను తీగకు కట్టి గిన్నెలోకి దింపాడు, పక్కన థర్మామీటరు. బస్సు కొత్త డ్రైవరు వంగి అంకెలు చదివాడు. ఎనభై. ఎనభై ఒకటి. ఎనభై రెండు దగ్గర అది బుద్ధిగా నోరు తెరిచింది.

"బంగారం లాంటి వస్తువును పీకి పారేశాడయ్యా!" అంది మైకక్క.

మేస్త్రి చెవులు భగ్గుమన్నాయి. ఎవరికీ తెలియని సంగతి ఒకటి అతనికి తెలుసు. బండి వేడెక్కితే ముందు దాని ముక్కు చూడాలని ముప్పయ్యేళ్ళుగా ఊరందరికీ పాఠం చెప్పినవాడు. ముక్కంటే ముందు ఇనుప జాలీ, దాని వెనక రేడియేటర్. ఈసారి తనే చూడలేదు. జాలీకున్న నాలుగు బోల్టులూ తుప్పుపట్టి బిగుసుకున్నాయి. విప్పాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. మోకాళ్ళు నొప్పి. థర్మోస్టాట్ అయితే నిలబడి మార్చొచ్చు. మార్చాడు. అంతే. దానికి పెద్దమ్మ రోడ్డు మీద పడింది.

"చూడక్కా, ఈయనకు ఇంకో మూడు నెలల్లో రిటైర్మెంటు..." మేనేజరు నసిగాడు.

"అయితే మూడు నెలలు మా ప్రాణాలు గాల్లో దీపాలా? పోయిన చలికాలమూ ఇదే తంతు. బస్సులో కొయ్యబారిపోతున్నామంటే, హీటరు ఇంతకంటే వేడెక్కదని చేతులెత్తేశారు. ఆఖరికి వేడి తెప్పించిందెవరు?"

"నువ్వే అక్కా!" ఇరవై గొంతులు.

"నేనే! అట్టల మీద నినాదాలు రాసింది నేను. వాటి కింద నా పేరు పెట్టుకున్నది నేను, మీలా దాక్కోలేదు. స్పానరు పట్టడం రాకపోయినా, పాత డ్రైవర్ని కూర్చోబెట్టుకుని ఒక్క పూటలోనే పని కానిచ్చాను. ఆయన మానేసి వెళ్ళాడు గానీ, ఉంటే చెప్పేవాడు!" ఆమె మేనేజరు బల్ల మీద చరిచింది. "తప్పు చేసినవాడు ఎంత పెద్దవాడైనా సరే, పెద్దమ్మకు చెయ్యెత్తి దణ్ణం పెట్టి, ఇవాళే ఈ షెడ్డు దాటాలి. కాగితం మీద రాయండి!"

మేనేజరు గబగబా రాశాడు. నింద తనకు అంటకుండా పోతున్నందుకు అక్షరాలు కూడా గుండ్రంగా వచ్చాయి.

మేస్త్రి తలెత్తాడు. "సంతకం పెడతానమ్మా. నేను జాలీ విప్పి చూడలేదు. బద్ధకం. పెద్దమ్మ మంచం దగ్గర నిలబడి ఇదే మాట చెబుతాను. పోయేముందు ఆ పని ఒక్కటి చేయనివ్వు."

మైకక్క షెడ్డులో ఉన్న బస్సు వైపు చెయ్యి చూపించింది.

అతను దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తుప్పు మీద నూనె పోశాడు. మొదటి బోల్టు కిర్రుమంది. మూడోది వేలి చర్మం లేపుకుపోయింది. నాలుగోది ఊడగానే జాలీ చేతిలోకి వచ్చింది.

రేడియేటర్ కనిపించలేదు. దానికి అడ్డంగా పెద్ద అట్ట ఒకటి, పైనుంచి జొనిపి, మూలల్లో గుడ్డ పీలికలతో కట్టి ఉంది. దుమ్ముకీ జిడ్డుకీ నల్లగా తారులా అయిపోయింది.

"అదీ సంగతి," అన్నాడు మేస్త్రి నీరసంగా. "చలికి అడ్డం పెట్టారెవరో. అప్పుడు ఇంజను తొందరగా వేడెక్కి, హీటరు పనిచేస్తుంది. ఎండలొచ్చాక తీయాలి. గాలాడకపోతే ఏ థర్మోస్టాట్ వేసినా గుట్ట మీద ఉడకాల్సిందే."

"ఎవడా పెట్టినవాడు?" మైకక్క గొంతు రేకులకు తగిలింది. "పెట్టి మరిచిపోయిన ఆ దరిద్రుడెవడో నాకు తెలియాలి!"

మేస్త్రి పీలికలు కోసి అట్టను బయటికి లాగాడు. మాసిన గుడ్డతో ఒక పక్క తుడిచాడు. అతని చెయ్యి ఆగిపోయింది. గబుక్కున అట్టను గోడవైపు తిప్పబోయాడు. తన సిగ్గు తనకు చాలదన్నట్టు మొహం మళ్ళీ నేలకు వాలింది.

"ఏం దాస్తున్నావు బాబాయ్? ఇలా తిప్పు! మేనేజరు గారూ, చదవండి, అందరికీ వినపడాలి!"

మేనేజరు కళ్ళజోడు సర్దుకుని, ఎర్ర అక్షరాలను కూడబలుక్కుంటూ చదివాడు:

"బాధ్యులను ఇవాళే తీసేయాలి, ఇట్లు, మైకక్క."