నమూనా నంబరు

ఫోను మోగింది. పద్మప్రియ తీయలేదు.

"రాయచోటి ఫోనేనా?" పక్క గదిలోంచి నవ్వాడు శివప్రసాద్.

"ఇంకెవురు సార్! పొద్దున్నుంచి ఇది మూడోసారి."

"తీయమ్మా. పుస్తకం రాసింది నువ్వే గదా."

కర్నూలులో ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు అది. యజమాని శివప్రసాద్. ఒకేసారి వందల సెల్‌ఫోన్లకు మెసేజ్‌లు పంపే ఏర్పాటు వాళ్ళది. ఎవరైనా తమ కంప్యూటర్ నుంచో సెల్లు నుంచో వీళ్ళ కంప్యూటర్‌కు ఒక వరస రాసి పంపితే చాలు. ఆ వరస ఎలా రాయాలో చెప్పే పుస్తకాన్ని పద్మప్రియ రాసి నెట్‌లో పెట్టింది. ఎపిఐ డాక్యుమెంటు అని దానికి పెద్ద పేరు. చదివినవాళ్ళు వంద మెసేజ్‌లు ఉచితంగా పంపి చూసుకోవచ్చు.

బెంగళూరు కొరియర్ కంపెనీ ఒకటి వీళ్ళదీ కలిపి మూడు సంస్థల పుస్తకాలు తీసుకుంది. ఫోను చేయకుండా, పుస్తకం ఒక్కటే చూసి ఎవరి పద్ధతి తమవాళ్ళకు ముందుగా అర్థమైతే వాళ్ళకే పని. వచ్చే సోమవారమే పరీక్ష. పని రాకపోతే ఉగాదికి షట్టరు దించేయడమేనని శివప్రసాద్ చెప్పేశాడు.

పద్మప్రియ ఫోను తీసింది.

"మేడం, ఫిరోజాను మాట్లాడతాండా. పంపినా, పోలేదు."

వెనకాల ఏదో ప్రింటరు టకటకలాడుతోంది.

"తెర మీద ఏమొచ్చింది?"

"తప్పు నూట రెండు అని వచ్చింది. నూట రెండంటే ఏం తప్పో మీ పుస్తకంలో యాడా లేదు."

"నంబరు ముందర మన దేశం కోడు తొంభై ఒకటి పెట్టినారా?"

"పెట్టాలని యాడ రాసినారు?"

పద్మప్రియ పేజీలు తిప్పింది. ఎక్కడా రాయలేదు.

"అది అందరికీ తెలిసిందే గదమ్మా!"

"నాకు తెలీదు గదా మేడం."

ఆ సాయంత్రం పద్మప్రియ ఒక వాక్యం చేర్చింది. తప్పుల నంబర్లకు అర్థాలూ రాసింది.

మర్నాడు మళ్ళీ ఫోను.

"మెసేజ్‌లో మొదటి మాట ఒక్కటే పోతాండాది మేడం."

"మాటల మధ్య ఖాళీ వదలకూడదు. ఆడ కూడిక గుర్తు పెట్టాల."

"ఆ ముక్క రాయండి మరి. ఒక నమూనా కూడా పూర్తిగా రాయండి. చూసి దించుకుంటా."

నమూనా రాసింది పద్మప్రియ. ఏ నంబరు పెట్టాలో తోచక తన సెల్ నంబరే పెట్టింది. పది నిమిషాల్లో ఆ సెల్లుకే 'సలాం' అని మెసేజ్ వచ్చింది.

శివప్రసాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "లోకంలో ఇంకో నంబరే దొరకలేదా నీకు?"

"రేపు మారుస్తాలే సార్."

మార్చడం మరిచిపోయింది.

మూడోనాడు ఫిరోజా గొంతులో తొందర వినిపించింది.

"నలభై మందికి ఒకేసారి ఎట్ల పంపాల? గంట లోపల అందాల మేడం. లేటయితే లాభం లేదు."

చీరల సేలేమో అనుకుంది పద్మప్రియ. పరీక్ష ఇంకా నాలుగు రోజులే ఉంది. ఓపిక నశించింది.

"మీ కంపెనీలో ఇంజనీర్లు లేరామ్మా? ఏమీ తెలీనోళ్ళను కూర్చోబెట్టి మా ప్రాణాలు తీస్తాండారు!"

అవతల ప్రింటరు శబ్దం ఆగిపోయింది.

"మీరు ఒక్కసారి రాస్తే సరిపోతాది మేడం," అంది ఫిరోజా మెల్లగా. "రాయకపోతే మాలాంటోళ్ళం అడగతానే ఉంటాం."

ఫోను పెట్టేసింది. మళ్ళీ చేయలేదు.

ఆ మాట మాత్రం పద్మప్రియను వదల్లేదు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగరాయడానికి కూర్చుంది. ప్రతి వాక్యం దగ్గరా 'యాడ రాసినారు?' అని ఆ గొంతు అడిగినట్టే ఉంది. ఎన్ని నంబర్లయినా కామాలు పెట్టి చేర్చుకోవచ్చని రాసింది. ఎంతసేపట్లో అందుతాయో రాసింది. అందకపోతే ఏం చేయాలో రాసింది. ఆదివారానికల్లా కొత్త పుస్తకం, పాత నమూనాతోనే, నెట్‌లోకి ఎక్కింది.

సోమవారం పొద్దున్నుంచి ఇద్దరికీ కాఫీ కూడా సయించలేదు. పద్మప్రియ సెల్లును నోరు మూయించి సంచిలో పడేసి, ఆఫీసు ఫోనునే చూస్తూ కూర్చుంది.

పన్నెండుకు అది మోగింది. శివప్రసాద్ స్పీకర్ నొక్కాడు.

"మావాళ్ళు పన్నెండు నిమిషాల్లో పంపేశారండీ," అన్నాడు బెంగళూరాయన. "మిగతా రెండు పుస్తకాలతో ఇంకా కుస్తీ పడుతున్నారు. పని మీదే. ఒక్క మాట అడగనా? మావాళ్ళకు రాబోయే సందేహాలన్నీ మీకు ముందే ఎలా తెలిశాయి?"

పద్మప్రియకు జవాబు తెలుసు.

శివప్రసాద్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "కర్నూలోళ్ళంటే ఏమనుకున్న్యారప్పా!" అని కిటికీలోంచి రోడ్డుకు వినబడేలా అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా మిఠాయి తేవడానికి మెట్లు దిగాడు.

ముందు రాయచోటికి చెప్పాలి. క్షమించమని అడగాలి. వీలైతే ఈ ఆఫీసుకే వచ్చి పనిచేయమని అడగాలి.

పద్మప్రియ సంచిలోంచి సెల్లు తీసింది. రెండు మెసేజ్‌లు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నమూనాలోని నంబరు తీసేయకుండానే మిగతా నంబర్లు చేర్చుకున్నట్టుంది ఫిరోజా.

మొదటిది ఎనిమిదింటిది. 'ఓ నెగిటివ్ రక్తం అర్జెంటు. ముబీన్, ఏడేండ్లు. ఈ నెల గూడా ఎక్కించాల. కడప ఆస్పత్రికి రండి.'

నాలుగు గంటలు ఇది సంచిలోనే ఉంది. పద్మప్రియ గబగబా రెండోది తెరిచింది.

'నలుగురు వచ్చినారు, రక్తం ఎక్కుతాండాది, ఇంక ఎవురూ రావద్దు, అందరికీ సలాం. ఇట్లు ముబీన్ వాళ్ళమ్మ ఫిరోజా, జాకెట్లు కుట్టే మిషను, రాయచోటి.'