గుండుమంట

ఇక పెళ్ళాంమీద చెయ్యి చేసుకోనని మొక్కి, తిరుత్తణిలో గుండు గీయించుకొచ్చాడు పార్థిబన్. తల చల్లబడాలని, భార్య మోనిషా ముఖానికి రాసుకునే మందుసీసా ఎత్తి నెత్తికి పట్టించాడు. గుండుమీద గుండు పేలినట్టు మండింది. జుట్టు పోయింది గానీ జబ్బు పోలేదు; భార్యను ఈడ్చి గోడకేసి కొట్టాడు.

"ఏం పోసి పెట్టినావే దీంట్లో?"

"ఆసిడ్, మామా." మోనిషా పెదవిమీది నెత్తురు తుడుచుకుంది. "పైతోలు ఒలిచే మందు. కత్తి పడినచోట రాస్తే మండుతాది."

"ఇంత మంట ముఖానికెందుకే?" మళ్ళీ చెయ్యెత్తాడు.

"నువ్వు కొట్టినచోటంతా నల్లమచ్చలు పడతాయి కదా. అవి పోవాలని రోజూ రాసుకుంటా. కంపెనీలో అందరూ అడుగుతుండారు."

ఎత్తిన చెయ్యి మెల్లగా తన గుండుమీదికే పోయింది.

"ఎంతసేపుంటాది ఈ మంట?"

"నాకెట్ల తెలుసు మామా? ఒక్క మంటన్నా ఆరేదాకా నువ్వు కొట్టకుండా ఊరకుండింది యాడ?"