బొగ్గు గీత

రోము నగరంలో ఒక పూజారి పెరటిగోడ మీద రోజులన్నీ గీసి ఉండేవి. మంచి రోజుకు సున్నపు గీత, చెడ్డ రోజుకు బొగ్గు గీత. ఆ పెరట్లో గీతలు చదవడం తనకొక్కడికే వచ్చని ఫాబియస్ అనే ముసలి బాతుకు మహా గర్వం.

ఓ ఉదయం కోడిపెట్ట పరుగున వచ్చింది. "తాతా, కంచెలో కంత దగ్గర నక్క అడుగులున్నాయి. ముళ్లకంప కుక్కుదాం రా, నేనొక్కదాన్నే లాగలేను."

ఫాబియస్ గోడ వంక చూసి నాలిక్కరుచుకున్నాడు. "అమ్మో, నెల మొదటి రోజుకు మర్నాడు! బొగ్గు గీత. ఇవాళ ఏ పని మొదలెట్టినా సర్వనాశనమే."

"అసలివాళ ఎందుకు చెడ్డదైంది తాతా?"

"ఒకప్పుడు ఇదే రోజున మా తాతగారి తోకను నక్క కొరుక్కుపోయింది. ఆ కంతలోంచే వచ్చింది."

"ఆ కంతేనా? మరి అప్పుడే పూడ్చలేదేం?"

"ఆ రోజంతా ఏడుపులతోనే సరిపోయింది. అప్పట్నుంచీ నెలనెలా ఈ రోజున పనులు మానేసి తాతగారిని తలుచుకుంటున్నాం," అన్నాడు ఫాబియస్ గంభీరంగా.

సాయంత్రం నక్క వచ్చింది. ఫాబియస్ ప్రాణం దక్కింది గానీ తోక దక్కలేదు.

"చూశావా, చెడ్డ రోజని నే చెప్పలేదూ!" అని మూలుగుతూనే అరిచాడు. అరిచాక తన మాట తనకే వినబడింది. కంత వంక చూశాడు. సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పద తల్లీ, మూడో తోక పోకముందే ఆ కంప లాగుదాం."

"మరి బొగ్గు గీతో?"

"అది గోడ మీద కాదమ్మా, నా ముఖాన గీయాల్సింది."