మానిన గోడ

పగలంతా కింద మిషన్ల రొద కాబట్టి ఆ గదిలో పరీక్షలు రాత్రిపూటే చేసేవాళ్లు. బయటి సిగ్నల్ ఒక్కటీ లోపలికి రాకుండా గోడలకూ తలుపుకూ నల్లటి పూత పూశారు. దాని మీద గీత పడితే, గాయం మానినట్టు, గంటలో దానంతటదే పూడుకుంటుంది. గీతలు గీసి అవి మానేదాకా కాచుకుని కూర్చోవడమే ఆమె ఉద్యోగం.

ఆ రాత్రి ఆమె తలుపు వేసుకుని, బ్లేడుతో గోడ మీద జానెడు గీత గీసింది. గడియారం చూసి తల తిప్పేసరికి గీత లేదు. వేలితో తడిమింది. గోడ నున్నగా, గోరువెచ్చగా తగిలింది.

బయటికి పోదామని తిరిగితే తలుపు చుట్టూ సందే కనబడలేదు. పిడి ఉండాల్సిన చోట చిన్న బొడిపె మిగిలింది. బ్లేడుతో చెక్కింది. చెక్కినకొద్దీ పూడుకుపోతోంది.

గోడ చిల్లులోంచి బయటికి పోయే వైరు ఫోను ఎత్తింది. తలుపు బయటే కూర్చునే వాచ్‌మన్ పలికాడు.

"బాబాయ్, తలుపు తెరుచుకోవట్లేదు. అటునుంచి లాగవా?"

"ఉండమ్మా, చూస్తా."

అవతల అరచేత్తో గోడ తడుముతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

"తలుపెక్కడుందమ్మా? ఇక్కడంతా గోడే కదా!"

"నీ కుర్చీ పక్కనే బాబాయ్! ఫోను పెట్టెయ్యకు, నీకు దణ్ణం పెడతా."

"పెట్టను తల్లీ. నువ్వు భయప..."

మాట తెగిపోయింది. వైరు వచ్చే చిల్లు కోసం చూసింది. అక్కడ చిల్లు లేదు. వైరు కొస నేల మీద పడుంది.

తల పైన, గాలి వచ్చే జాలీలోని హోరు మెల్లగా సన్నబడటం మొదలైంది.